స్టీల్‌హెడ్ వేట మొదలుపెడుతున్నారా: రాడ్డు సంగతి తర్వాత, ముందు నీళ్ళు చూడండి

అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ వచ్చి రెండేళ్ళయిందనీ, ఊళ్ళో చెరువు గట్టున బెండు కట్టి గాలం వేసిన అలవాటు ఉందనీ, రాకీ రివర్‌కి నాలుగు శనివారాలు వెళ్ళినా ఒక్క స్టీల్‌హెడ్ చేప తగల్లేదనీ రాశారు. ఏ రాడ్డు కొనాలి, ఎక్కడ నిలబడాలి, పడితే పులుసు పెట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

తిరకాసు మీ రాడ్డులో లేదు, ఆ నాలుగు శనివారాల్లో ఉంది. ఈ ఏటికి శనివారం తెలియదు, వాన తెలుసు. మంగళవారం కుండపోతగా కురిస్తే శుక్రవారం పొద్దున ఏరు బంగారం, శనివారం ఫరవాలేదు. అదే వాన శుక్రవారం రాత్రి కురిస్తే శనివారం మీరు బురదలో గాలం వేసి ఇంటికి పోతారు. సెలవు చూసుకుని వెళ్ళేవాడికీ, నీళ్ళు చూసుకుని వెళ్ళేవాడికీ తేడా ఇక్కడే వస్తుంది.

స్టీల్‌హెడ్ ప్రత్యేకమైన జాతేమీ కాదు, రెయిన్‌బో ట్రౌటే. ఏట్లోంచి పెద్ద నీళ్ళకు పోయి, తిని బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏరెక్కేదానికి ఆ పేరు. మన పులస తెలుసుగా: సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీదితే పులస. ఇదీ ఆ బాపతే. పసిఫిక్ తీరంలో దీనికి సముద్రం ఉంది, ఇక్కడ ఈరీ సరస్సే సముద్రం. ఒహాయో రాష్ట్రం మిషిగన్‌లోని లిటిల్ మనిస్టీ నది సంతతిని హేచరీలో పెంచి, 6 నుంచి 8 అంగుళాల పిల్లల్ని వసంతంలో రాకీ, షగ్రిన్, గ్రాండ్, వర్మిలియన్, ఆష్టబ్యూలా, కానియాట్ ఏరుల్లో వదులుతుంది. రెండు వేసవులు సరస్సులో మేసి వచ్చేసరికి దాదాపు 25 అంగుళాల చేప అవుతుంది. పసిఫిక్ సాల్మన్‌లాగా గుడ్లు పెట్టగానే చచ్చిపోయే రకం కాదు. సరస్సుకు తిరిగెళ్ళి మళ్ళీ వస్తుంది. వదిలేసిన చేప వృథా కాదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక నీళ్ళు. ఇక్కడి ఏరులు ఎక్కువగా షేల్ రాతి మీద పారేవి. పలకల్లా పొరలు పొరలుగా ఊడొచ్చే బూడిదరంగు రాయి అది, నీళ్ళు తాగదు. అడుగు నుంచి ఊటలు కూడా తక్కువ. అందుకే వాన పడితే గంటల్లో పొంగుతుంది, ఆగితే రోజుల్లో చప్పబడిపోతుంది. వేసవిలో నీళ్ళు వేడెక్కి ట్రౌట్ పిల్లలకు పనికిరాకుండా పోవడానికీ, ఏటేటా హేచరీ పిల్లల్ని వదలాల్సి రావడానికీ ఈ రాయే మూలం. చేప కూడా ఈ లయకే అలవాటు పడింది. పొంగు వస్తే సరస్సు వదిలి ఏరెక్కుతుంది, నీళ్ళు తీస్తున్నప్పుడు మడుగుల్లో ఆగుతుంది. మనకు దొరికేది ఆ ఆగినప్పుడు.

బయల్దేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) సైటులో ప్రవాహం లెక్క చూడండి. రాకీకి బెరియా దగ్గరి గేజి, షగ్రిన్‌కి విల్లోబీ, గ్రాండ్‌కి పెయిన్స్‌విల్. అక్కడ సీఎఫ్ఎస్ అని కనిపించేది మన క్యూసెక్కే. ప్రకాశం బ్యారేజీ వార్తల్లో లక్షల్లో చదివేది ఇక్కడ వందల్లో ఉంటుంది, అంతే. రాకీలో 200 నుంచి 400 క్యూసెక్కులు మంచి నీళ్ళు. 150 కిందికి వెళ్తే అద్దంలా తేటపడి చేప బెదురుతుంది, తెల్లవారుజామున చిన్న ఎరతో తప్ప లాభం ఉండదు. 600 దాటితే ఎర కనిపించదు, పైగా మీరు కొట్టుకుపోయే ప్రమాదం. షగ్రిన్ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. గ్రాండ్‌కి 250 నుంచి 600 వరకూ ఫరవాలేదు. కాకపోతే దాని పరీవాహకం పెద్దది, బంకమన్ను ఎక్కువ. పెద్ద వాన పడితే తేరుకోవడానికి వారం కూడా పడుతుంది. రాకీ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఇవన్నీ ఉజ్జాయింపు అంకెలు. అంకె ఒక్కటే చూడకండి, గ్రాఫు ఎటు పోతోందో చూడండి. అదే 350, గ్రాఫు పైకి ఎక్కుతున్నప్పుడైతే ఆకులు, చెత్త, బురద. దిగుతున్నప్పుడైతే చేప.

రంగు చూడటం కళ్ళతోనే నేర్చుకోవాలి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే ఇంటికెళ్ళి టీ తాగండి. పచ్చ సీసా గాజు రంగు వచ్చి, మోకాళ్ళ లోతులో నిలబడితే మీ బూటు లీలగా కనిపిస్తోందంటే అదే సరైన తరుణం. బూటు లేసు ముడి కూడా స్పష్టంగా కనిపిస్తే నీళ్ళు మరీ తేట, లీడరు (గాలానికి కట్టే చివరి దారం ముక్క) సన్నబరచాలి.

మూడో సంగతి నీటి వేడి. పది డాలర్ల థర్మామీటరు జేబులో పెట్టుకోండి. 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య చేప చురుగ్గా ఉండి ఎర కోసం రెండడుగులు పక్కకు కదులుతుంది. 35 దగ్గర ఒళ్ళు కదపదు, ఎర ముక్కు ముందుకే వెళ్ళాలి. చలికాలంలో పొద్దున 34 ఉండి మధ్యాహ్నానికి 36 అయితే ఆ రెండు డిగ్రీలే మీ రోజు, కాబట్టి జనవరిలో తెల్లవారుజామున లేవడం శుద్ధ దండగ. పైగా పొద్దున్నే నీళ్ళలో మంచు గుజ్జు కొట్టుకొస్తూ ఉంటుంది, బెండు నిలవదు. దీనికి వ్యతిరేకంగా మంచు కరిగి ఒక్కసారి చన్నీళ్ళు కలిస్తే, అప్పటిదాకా తింటున్న చేప నోరు కట్టేసుకుంటుంది. 65 డిగ్రీలు దాటాక అసలు వేటాడకండి, పోరాడి వదిలేసినా చచ్చిపోతుంది.

సీజన్ గురించి రెండు మాటలు. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో ఏరు సరస్సులో కలిసే చోట స్పూన్ (చెంచాలాంటి లోహపు ఎర) విసిరేవాళ్ళ కాలం. నవంబరు, డిసెంబరుల్లో వెండిలా మెరిసే కొత్త చేప ఏట్లోకి వస్తుంది. మార్చి నుంచి ఏప్రిల్ నడుమ వరకు చేప లెక్కకు ఎక్కువ, గుడ్లు పెట్టేదీ అప్పుడే. మే నాటికి దుకాణం కట్టేస్తుంది. కొత్తవాళ్ళకు నవంబరు మంచిది: ఏటిలో గడ్డ కట్టే మంచు ఉండదు, చేపకు ఆకలి ఉంటుంది.

ఎక్కడ నిలబడాలి? రాకీ రివర్ మీకు దగ్గర, మెట్రోపార్క్స్ అనే పార్కుల సంస్థ చేతిలో ఉంది కాబట్టి గొడవ లేకుండా దిగొచ్చు. శరత్కాలంలో ఎమరాల్డ్ నెక్లెస్ మరీనా నుంచి రాక్‌క్లిఫ్ ఫోర్డ్ (ఫోర్డ్ అంటే ఏరు దాటే లోతులేని చోటు) దాకా ఉన్న దిగువ భాగంలో మొదలుపెట్టండి, సరస్సులోంచి వచ్చినవి ముందు అక్కడే ఆగుతాయి. చలి ముదిరేకొద్దీ మోర్లీ ఫోర్డ్ దాటి ఎగువకు వెళ్ళండి. క్లీవ్‌లాండ్ మెట్రోపార్క్స్ వాళ్ళ ఫిషింగ్ రిపోర్టు చదవడం అలవాటు చేసుకోండి. చోటు కంటే ముఖ్యం, ఆ చోట్లో ఏ నీళ్ళలో వేయాలన్నది.

చెరువులో అయితే ఎర వేసి కూర్చుంటాం, చేప తిరుగుతూ వస్తుంది. ఇక్కడ చేప కదలదు, మీరు కదలాలి. మనిషి తాపీగా నడిచే వేగంతో పారుతూ, రెండున్నర అడుగుల నుంచి ఆరడుగుల లోతుండి, అడుగు కనిపించని నీళ్ళు వెతకండి. గలగలమంటూ పారే పలచని నీళ్ళు ఒక్కసారి లోతులోకి జారే చోటు మడుగు తల. చురుకైన చేప అక్కడ ఉంటుంది. మడుగు నడుమ చలికాలానికి. మళ్ళీ పలచబడే తోక భాగం తెల్లవారుజామునకు, ఎందుకంటే రాత్రి ఎక్కి వచ్చిన చేప ముందు అక్కడ ఊపిరి తీసుకుంటుంది. వడి నీళ్ళూ నెమ్మది నీళ్ళూ ఒరుసుకునే గీత పైన నురుగు బుడగల వరుసలా కనిపిస్తుంది. ఆ బుడగల కిందే వేయండి.

షేల్ ఏరుల్లో ఇంకొకటి ఉంది, కొత్తవాళ్ళు దాని మీదుగా నడిచిపోతారు. రాతి పలక మీద నాగలి చాలులా కోసుకుపోయిన గాడి. చుట్టూ అడుగు లోతే, గాడిలో రెండున్నర అడుగులు. వెడల్పు బల్లంత. పైనుంచి చూస్తే కాస్త ముదురు చార, అంతే. పోలరైజ్డ్ కళ్ళద్దాలు లేకుండా అది కనిపించదు. మోకాటి లోతు కదా అని అందులో కాలు పెట్టేసరికి చేప తుర్రుమంటుంది. కాబట్టి ఏ చోటైనా ముందు గట్టు మీద నుంచే దగ్గరి నీళ్ళలో పది సార్లు వేయండి, తర్వాతే కాలు తడపండి. నిలబడాల్సిన చోట గాలం వేసేవాళ్ళూ, గాలం వేయాల్సిన చోట నిలబడేవాళ్ళూ ఇక్కడ బోలెడుమంది.

సామాను విషయానికొస్తే, 10 అడుగులు లేదా పదిన్నర అడుగుల స్పిన్నింగ్ రాడ్డు, 6 నుంచి 10 పౌన్ల దారానికి సరిపడేది. పొడవు దర్జా కోసం కాదు, బెండు వెనక దారాన్ని నీళ్ళ మీద పడకుండా ఎత్తి పట్టుకోవడానికి. ఆరున్నర అడుగుల రాడ్డుతో ఆ పని జరగదు, పైగా పొడవు రాడ్డు విల్లులా వంగి సన్నటి లీడరును కాపాడుతుంది. రీలు 2500 లేదా 3000 సైజు, డ్రాగ్ (చేప లాగితే దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బిగింపు) మెత్తగా జారేది. 10 పౌన్ల మోనో (ఒంటిపోగు నైలాన్) దారం ఎక్కించండి. బ్రెయిడ్ (అల్లిక) దారం తేలుతుంది, నిజమే, కానీ నీళ్ళు పీల్చుకుని డిసెంబరులో రాడ్డు కళ్ళలో, అంటే దారం దూరే రింగుల్లో, గడ్డకడుతుంది. కళ్ళకు లిప్ బామ్ రాస్తే మంచు కొంతసేపు ఆగుతుంది. పట్టేస్తే రాడ్డు కొన నీళ్ళలో ముంచి కరగనివ్వండి. వేళ్ళతో విరిచారో, మంచుతో పాటు కన్ను కూడా ఊడొస్తుంది.

సెంటర్‌పిన్ రీలు (అడ్డు లేకుండా చక్రంలా తిరిగేది) చూసి ముచ్చటపడ్డానన్నారు. అందమైన వస్తువు, బెండును దానికంటే బాగా వదిలేది లేదు. మొదటి ఏడాది మాత్రం వద్దు, దారం చిక్కులు తీస్తూ సీజన్ అయిపోతుంది. ఫ్లై రాడ్డు అయితే పది అడుగుల 7 వెయిట్, తేలే లైను, 9 అడుగుల లీడరు. గుడ్డు నమూనాలు, ఊలీ బగ్గర్ (ఈకలతో కట్టిన దొంగ ఎర) ఉంటే మొదలుపెట్టొచ్చు. అక్కడా లోతు, వేగం లెక్కలు కింద చెప్పినవే.

ఇప్పుడు కట్టు. మెయిన్ దారానికి 6 గ్రాముల బెండు, కింద చిన్న స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీలు), దాని కింద 18 నుంచి 24 అంగుళాల ఫ్లోరోకార్బన్ లీడరు. పచ్చనీళ్ళలో 8 పౌన్లది, తేటనీళ్ళలో 6 పౌన్లది. లీడరు ఎప్పుడూ మెయిన్ దారం కంటే బలహీనంగా, కనీసం సన్నంగా ఉండాలి. రాయికి తగులుకుంటే గాలం ఒక్కటే పోతుంది, బెండు మిగులుతుంది. గాలం 8 లేదా 10 నంబరు.

బెండు మీద 6 గ్రాములని రాసి ఉంటే అది బెండు బరువు కాదు, అది మోయగల గుండ్ల బరువు. గుండ్ల డబ్బా మీది అక్షరాలు కొత్తవాళ్ళకు అర్థం కావు: ఎస్ఎస్‌జీ అంటే దాదాపు 1.6 గ్రాములు, ఏఏఏ 0.8, బీబీ 0.4, నంబర్ 4 అంటే 0.2. నాలుగూ కలిపితే 3 గ్రాములు, ఒక్కోటి రెండేసి పెడితే సరిగ్గా 6. పెద్దవి పైన బెండు వైపు, చిన్నవి కింద, చొక్కా గుండీల్లా ఎడం ఎడంగా నొక్కండి. చివరి నంబర్ 4 లీడరు మీద గాలానికి 8 అంగుళాల పైన. స్వివెల్ బరువు కూడా తోడవుతుంది కాబట్టి బెండు మునిగిపోతుంటే ఒక చిన్న గుండు తీసేయండి. రంగు కొన ఒక్కటే నీళ్ళ పైన కనిపించాలి. బొటనవేలంత బెండు బయట ఊగుతుంటే, చలికాలపు చేప ఎర నోట్లోకి తీసుకుని ఉమ్మేసినా మీకు కబురు రాదు. గుండ్లు పళ్ళతో నొక్కే అలవాటు మన ఊళ్ళలో ఉంది. సీసం అది, ప్లయర్ వాడండి. తగరం గుండ్లు దొరికితే ఇంకా మేలు.

ముడి ఏదైనా ఫరవాలేదు, ఒక్కటి బాగా నేర్చుకోండి. బిగించే ముందు ఉమ్ముతో తడపండి. పొడిగా లాగితే ఫ్లోరోకార్బన్ రాపిడికి కాలి, చూడటానికి బాగానే ఉండి చేప లాగినప్పుడు పుటుక్కుమంటుంది. ముడి దగ్గర దారం పంది తోకలా మెలితిరిగి తెగిందంటే ముడి జారింది. నున్నగా తెగితే రాయి కోసింది.

లోతు, వేగం. ఈ రెండూ కుదిరితే ఎర ఏదైనా పడుతుంది, కుదరకపోతే ఏదీ పడదు. చేప అడుగున ఉంటుంది కాబట్టి ఎర అడుగుకు ఆరు అంగుళాల నుంచి అడుగు ఎత్తులో పోవాలి. లోతు ఊహించి బెండు జరపండి, ఒకసారి వదిలి చూడండి. బెండు ఎక్కడా తడబడకుండా హాయిగా పోతే ఎర ఎత్తుగా ఉంది. మూడు నాలుగు అంగుళాలు దించండి, మళ్ళీ వదలండి. ఒకచోట టిక్కుమని కొన ఒణికేదాకా ఇలాగే. అది రాయి. అప్పుడు ఎరను ఆరు అంగుళాలు పైకి లేపి వేట మొదలుపెట్టండి. మడుగు మారిన ప్రతిసారీ ఈ తంతు చేయాల్సిందే. పది గజాలు కిందికి జరిగినా చేయాల్సిందే. పొద్దున పెట్టిన లోతుతోనే సాయంత్రం దాకా వేసేవాళ్ళు మడుగుకో ఇరవైమంది కనిపిస్తారు.

ఏటి అడుగున రాళ్ళ ఒరిపిడికి నీళ్ళు నెమ్మదిగా పోతాయి, పైన వడిగా. బెండు పైనీళ్ళతో కొట్టుకుపోతే కింద ఎర గాల్లో గుడ్డలా వెనక్కి ఈడ్చుకుంటూ పైకి తేలుతుంది. బెండు పక్కనున్న నురుగు బుడగను చూడండి. బుడగ మీ బెండును దాటి ముందుకు పోతుండాలి. పోవట్లేదంటే రాడ్డు ఎత్తి, దారాన్ని కొంచెం బిగబట్టి బెండును ఆపుతూ వదలండి. కొన కాస్త ఎగువకు వాలుతుంది, అలా వాలి ఉంటే ఎర ముందు, బెండు వెనక పోతున్నట్టు. అతిగా బిగబడితే బెండు మీ వైపు అడ్డంగా జరిగివస్తుంది, అప్పుడు వరుస తప్పుతుంది. దారం నీళ్ళ మీద పడి దిగువకు కడుపులా వంగితే అదే బెండును లాగేస్తుంది. రాడ్డు ఎత్తి ఆ వంపును ఎగువకు తిప్పి వేయండి.

ఒక్కో వరుసలో ఆరు నుంచి ఎనిమిది సార్లు వదలండి, తర్వాత అడుగు అవతలికి. దగ్గర నుంచి దూరానికి. మడుగంతా ఇలా దువ్వినట్టు చేసి, ఎర మార్చి ఇంకోసారి చేసి, అయినా తగలకపోతే చోటు మార్చండి.

ఎర విషయంలో ఇక్కడి రాజు గుడ్ల మూట. మూడు అంగుళాల చదరపు నెట్ గుడ్డ అరచేతిలో పరచండి, నడుమ ట్రౌట్ లేదా సాల్మన్ విడిగుడ్లు పెట్టండి: తేటనీళ్ళకు నాలుగైదు, పచ్చనీళ్ళకు ఎనిమిది పది. నాలుగు మూలలూ కలిపి మెలితిప్పండి, గుడ్లు ఒకదానికొకటి ఆనాలి కానీ చితకకూడదు. సాగే దారం ఏడెనిమిది చుట్లు చుట్టి లాగి తెంపితే చాలు, ముడి అక్కర్లేదు, అదే పట్టుకుంటుంది. మిగిలిన గుడ్డ తోక దగ్గరగా కత్తిరించండి. తేటనీళ్ళకు శనగగింజకు కాస్త పెద్దది, మురికినీళ్ళకు గోలీ అంత. గాలం మెడ భాగంలో గుచ్చండి, గుడ్లలోంచి పొడిస్తే పాలు కారి పది నిమిషాల్లో తెల్లబడి రుచి పోతుంది. గులాబీ, నారింజ, లేతాకుపచ్చ నెట్లు తలా కొన్ని ఉంచుకుంటే సరి. రంగు గురించి గంటలకొద్దీ వాదించుకోవడం చేప పడని రోజుల కాలక్షేపం.

గుడ్లు దొరకకపోతే 1/32 ఔన్సు జిగ్గుకి (తల దగ్గర బరువున్న గాలం) రెండు మూడు మ్యాగెట్లు (ఈగ పురుగులు) గుచ్చండి, 38 డిగ్రీల కింద ఇదే గుడ్ల కంటే మిన్న. 8 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస కూడా పనిచేస్తుంది. పూసను గాలానికి ఒకటిన్నర రెండు అంగుళాల పైన పుల్లతో బిగించాలి. అంతకంటే ఎత్తున పెడితే గాలం నోట్లో కాక దవడ బయటో, రెక్కకో గుచ్చుకుంటుంది. అలా బయట తగిలిన చేపను వదిలేయాలి, చట్టమూ అదే.

బెండు ఆగినా, వణికినా, వాలినా, మునిగినా రాడ్డు ఎత్తండి. పదిలో తొమ్మిది రాళ్ళే. ఆ తొమ్మిదికీ సిగ్గుపడి ఆగితే పదోది పోతుంది. డ్రాగ్ ముందే సరిచూసుకోవాలి. రీలు దగ్గరి దారానికి ముప్పాతిక లీటరు నీళ్ళున్న సీసా కట్టి ఎత్తితే మెల్లగా జారాలి, పావు లీటరుకే జారితే మరీ వదులు. ఆ ముప్పాతిక లీటరు పౌనున్నర పైమాటే, 6 పౌన్ల లీడరుకు నాలుగో వంతు. తగలగానే చేప పరిగెడుతుంది, పరిగెట్టనివ్వండి. మొదటి పరుగులో డ్రాగ్ బిగించడమే అన్ని ఏడుపులకూ మూలం. గాల్లోకి ఎగిరితే రాడ్డు కొన దాని వైపు వంచండి. తర్వాత రాడ్డు పక్కకు వాల్చి పట్టి తల తిప్పండి, నిట్టనిలువుగా పట్టుకుంటే చేప దానిపాటికి అది ఈదుతూనే ఉంటుంది. వీలైతే దానికంటే దిగువకు నడవండి. ప్రవాహానికి ఎదురు ఈడ్చడం చేపతోనూ ఏటితోనూ కలిపి పోట్లాడటం.

నడక గురించి మర్చిపోయేలోపు చెప్తాను. పాచి పట్టిన షేల్ పలక నూనె పోసిన నాపరాయి. రబ్బరు అడుగుకి కార్బైడ్ మేకులున్న బూట్లు తీసుకోండి. ఫెల్ట్ అడుగు రాతి మీద బాగానే పట్టుకుంటుంది కానీ మంచులో నడిస్తే అడుగున లడ్డూల్లా గడ్డకట్టి మడమ జోళ్ళేసినట్టవుతుంది. వేడర్ల (నీళ్ళు చొరని పొడుగు ప్యాంటు) పైన బెల్టు బిగుతుగా కట్టుకోవడం తప్పనిసరి, పడితే నీళ్ళు లోపలికి దూసుకురాకుండా ఆపేది అదే. చేతికర్ర ఉంచుకోండి, తొడ దాటిన నీళ్ళలోకి వెళ్ళకండి. పడిపోతే వెల్లకిలా తిరిగి కాళ్ళు దిగువకు పెట్టండి. గట్టు నుంచి చాచుకున్న మంచు పలక మీద ఎంత లావుగా కనిపించినా నిలబడొద్దు. కారులో పొడి బట్టల జత ఉండాలి.

లైసెన్సు 16 ఏళ్ళు నిండిన అందరికీ కావాలి. ఒహాయోలో సెప్టెంబరు 1 నుంచి మే 15 వరకు రోజుకు రెండు చేపలే, కనీసం 12 అంగుళాలు. నియమాలు మారుతుంటాయి, ఏటా చిన్న పుస్తకం చూసుకోండి. పెన్సిల్వేనియా వైపు ఎల్క్ క్రీక్‌కి వెళ్తే లైసెన్సుతో పాటు ట్రౌట్‌కీ, ఈరీ సరస్సుకీ పర్మిట్ కావాలి. ఇంకొక మాట, ఒహాయోలో గట్టే కాదు, ఏటి అడుగు నేల కూడా పక్క యజమానిదే. పార్కు హద్దు దాటి నీళ్ళలోనే నడిచాను కదా అంటే చెల్లదు. మార్చి, ఏప్రిల్‌లో కంకర మీద కడిగినట్టు తెల్లగా మెరిసే గిన్నెలాంటి మచ్చలు కనిపిస్తే అవి గుడ్లు పెట్టిన గూళ్ళు. తొక్కకండి, వాటి మీదున్న జంటను వదిలేయండి.

ఇది చదివే సియాటెల్, పోర్ట్‌లాండ్ వాళ్ళు ఈ నియమాలు అక్కడ వాడొద్దు. ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. వెన్ను మీద తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటేనే హేచరీ చేప, ఆ రెక్క ఉంటే అడవి చేప. వాషింగ్టన్‌లో చాలా నదుల్లో ఎర నిషేధం, ముల్లు లేని గాలమే వాడాలి, కొన్ని పూర్తిగా మూసేస్తారు. మెళకువ ఒకటే, చట్టం వేరు.

వదిలేసేటప్పుడు రబ్బరు వల వాడండి, చేప నీళ్ళలోనే ఉండాలి, చేతులు తడిపి తోక మొదలు ఒక చేత్తో, పొట్ట కింద ఇంకో చేత్తో పట్టుకోండి. గాలి గడ్డకట్టే చలిలో ఉంటే ఫోటో కోసం పైకెత్తకండి, మొప్పలు క్షణాల్లో మంచు కడతాయి. షేల్ గట్టు మీద ఈడ్చిన చేప ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపించినా బతకడం కష్టం.

ఇక పులుసు. పెట్టుకోవచ్చు, కానీ వారం వారం కాదు. ఈరీ సరస్సు చేపల కొవ్వులో పీసీబీలనే పాత పారిశ్రామిక విషాలు చేరతాయి. ఎన్నాళ్ళకొకసారి తినొచ్చో ఒహాయో రాష్ట్రం సలహా పట్టికలో ఇస్తుంది, గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది ముందు చూడండి. వండితే అవి పోవు, కొవ్వుతో పాటు వెళ్తాయి. కాబట్టి చర్మం, పొట్ట అంచు, వెన్ను మీది కొవ్వు, పక్కన గీతలా ఉండే ముదురు కండ తీసేయండి. జాలీ మీద కాలిస్తే మిగిలిన కొవ్వు కారిపోతుంది. పులుసులో అయితే పులుసులోకే దిగుతుంది, ఆ పులుసును మనం వదిలిపెట్టం కదా. చేప గుడ్లు కూడా కొవ్వు సరుకే, వేపుడు ఆశ మానుకుని ఎర మూటలు కట్టుకోండి.

వండే చేప నవంబరు వెండిరంగుదై ఉండాలి. ఏప్రిల్‌లో గుడ్లు పెట్టి నల్లబడ్డదాని కండ పాలిపోయి మెత్తబడి ఉంటుంది. పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి మంచులో పెట్టండి. పులస ముళ్ళతో పెరిగినవాళ్ళకు ఇందులో ముళ్ళు లేనట్టే. చిక్కల్లా చర్మం తీసిన ముక్క విచ్చుకుపోవడం. ఒకటిన్నర అంగుళం మందాన కోసి, చింతపండు పులుసు మరిగి చిక్కబడ్డాకే ముక్కలు జారవిడవండి. సన్నసెగ మీద ఎనిమిది నిమిషాలు చాలు, గరిటె పెట్టొద్దు, దాకనే పట్టుకుని తిప్పండి.